బిడ్డ మొహం చూసి బతకమంటే...

"చచ్చిపోవాలనిపిస్తోంది" అని ఒక బాలింత అంటే మన ఇళ్ళల్లో వచ్చే జవాబు దాదాపు ఒకటే. "ఛ, అవేం మాటలే? పురిటి మంచం మీద అలాంటివి అనకూడదు. ఆ పసిగుడ్డు మొహం చూడు. దాని మొహం చూసైనా బతకాలి కదా!" మా పిఠాపురంలోనూ, చుట్టుపక్కల గొల్లప్రోలు, కొత్తపల్లి, సామర్లకోటల్లోనూ ఈ మాట తల్లుల నోట విన్నాను, అత్తల నోట విన్నాను, నర్సుల నోటా చదువుకున్న స్నేహితురాళ్ళ నోటా కూడా విన్నాను. ఎవరూ చెడు ఉద్దేశంతో అనరు. ప్రేమతో అంటారు, భయంతో అంటారు. అయినా ఈ మాట సరైనదేనా? బిడ్డ ఉంది కాబట్టి బతకాలి అనేది ఒక మనిషికి బతకడానికి మనం ఇవ్వగలిగిన కారణమా, లేక ఆమె నోరు మూయించే ఆజ్ఞా? ఇక్కడ నేను ఆలోచించదలుచుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

బాలింతకి మన దగ్గర జరిగే సేవ తక్కువేమీ కాదు. మొదటి కాన్పు పుట్టింట్లో. చెవుల్లో దూది, తలకి గుడ్డ, ఒంటికి నూనె, కాగిన నీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ. వెల్లుల్లి కారంతో మొదటి ముద్ద, కాయం, పాత బియ్యం అన్నం, పాలు పడడానికి ఒకటి, నడుం గట్టిపడడానికి ఒకటి. పదకొండో రోజు పురుడు, ఇరవై ఒకటో రోజు బారసాల, మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తారింటికి ప్రయాణం. ఇదంతా మూఢత్వం అని కొట్టిపారేసే రోజులు దాటి వచ్చాం. నాట్లకీ కోతలకీ పోయే ఆడవాళ్ళకి, ఉప్పాడ మగ్గాల మీద కూర్చునే ఆడవాళ్ళకి ఈ విశ్రాంతి ఎన్నాళ్ళు దొరుకుతుందో తెలిసినవాళ్ళెవరూ దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యరు. కానీ ఈ జాబితా అంతా మరోసారి చదవండి. ఒంట్లో ప్రతి భాగానికీ ఒక జాగ్రత్త ఉంది. మనసుకి ఏమీ లేదు. మనసుకి మిగిలినవి మూడు మాటలు: దిష్టి, గాలి, బాలింత సన్ని. మొదటి రెండూ బయట నించి వచ్చి సోకేవి. మూడోది పూర్తిగా మతి తప్పితే అనేది. మతి తప్పకుండా, మాటలు సరిగ్గానే మాట్లాడుతూ, బిడ్డకి పాలిస్తూ, లోపల్లోపల చావు గురించి ఆలోచించే మనిషికి మన భాషలో పేరు లేదు.

నేను ఆ మనిషిని. మా పెద్దమ్మాయి పుట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మూడో వారానికి నాకు నిద్ర పోయింది. బిడ్డ నిద్రపోయినా నాకు పట్టేది కాదు. ఎందుకేడుస్తున్నానో తెలియకుండా ఏడుపు. బిడ్డని చూస్తే ప్రేమ పుట్టడం లేదని ఎవరికి చెప్పను? చావాలని కోరిక అనేకంటే, నేను లేకపోతే వీళ్ళందరికీ బాగుంటుంది అనే ఒక లెక్క రోజంతా తలలో తిరుగుతుండేది. ఆ లెక్క చాలా సబబుగా కనిపించేది, అదే అందులో భయంకరమైన సంగతి. ఒకసారి ధైర్యం చేసి అమ్మతో అన్నాను. అమ్మ గాభరాపడి బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టి ఆ మాటే అంది, మొహం చూడమని. చూశాను. నాకు వెంటనే తోచింది, ఇంత చక్కటి బిడ్డకి ఇలాంటి తల్లా అని. బతకడానికి కారణంగా చూపించింది నా తప్పుకి సాక్ష్యంగా మారిపోయింది. ఆ తర్వాత నేను ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. అందరూ తేరుకుంది అనుకున్నారు.

బిడ్డకి నీళ్ళు పోయడానికి ముసలి మంత్రసాని ఒకామె వచ్చేది. పురిటి మైల పేరుతో సొంతవాళ్ళు కూడా ఎడంగా కూర్చునే ఆ గదిలోకి, ఆ మైల పనులే కులవృత్తిగా ఉన్న ఆమె రోజూ వచ్చి నన్ను ముట్టుకునేది. ఒకరోజు బిడ్డని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, "బిడ్డ సంగతి సరేనండీ అమ్మాయిగారూ, మీకెలాగుంది?" అంది. నేను మాట్లాడలేదు. "నా రెండో కాన్పుకి నాక్కూడా ఇలాగే ఉండేదండి. ఉరకే పోవాలనిపించేది" అంది. అపశకునం అనలేదు. దేవుడి పేరెత్తలేదు. బిడ్డ మొహం చూడమనలేదు. తన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంది. అప్పుడు నేను చెప్పాను. ఆమె అమ్మని పిలిచి, "ఈ పిల్లని ఒక్కదాన్నీ వదలకండి, రాత్రుళ్ళు బిడ్డని మీరు చూడండి, ఈవిణ్ణి నిద్రపోనివ్వండి, కాకినాడ తీసుకెళ్ళి మనసు డాక్టరుకి చూపించండి" అని చెప్పింది. నాలుగైదు నెలలు మందులు వాడాను. నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది, ఆ తర్వాతెప్పుడో బిడ్డ మీద ప్రేమ వచ్చింది. ఆ వరస మార్చి చెప్పడం నాకిష్టం లేదు.

ఇది నా ఒక్కదాని కథ కాదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. కాన్పయిన మొదటి పది పదిహేను రోజుల్లో చాలామందికి వచ్చి పోయే ఏడుపు, చిరాకు వేరు. వారాల తరబడి పోని, మనిషిని తినేసే దిగులు వేరు. లేనివి వినపడడం, కనపడడం, మాట పొంతన తప్పడం ఇంకా వేరు. అది వెయ్యిమందిలో ఒకరిద్దరికి వస్తుంది, గంటల మీద ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన స్థితి. మధ్యలో చెప్పిన ఆ దిగులు గురించి మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలని, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలని కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం నూటికి 22 మంది. ప్రతి అయిదుగురిలో ఒకరు. అంతకుముందు 2002లో గోవాలో జరిగిన అధ్యయనం కూడా దాదాపు ఇదే సంఖ్య చెప్పింది. చెప్పడమే కాదు, భర్త చేతి దెబ్బలు, పేదరికం, ఆడపిల్ల పుట్టడం ఈ దిగులుతో ఎలా ముడిపడి ఉన్నాయో చూపించింది. గర్భవతులకి కూడా ఇది కొత్త కాదు. బెంగుళూరులో నిమ్‌హాన్స్ వాళ్ళు తొలి నెలల గర్భవతులని అడిగినప్పుడు వందకి ఏడెనిమిది మందిలో ఆత్మహత్య ఆలోచనలు కనిపించాయి. అంటే అడిగితే చెప్పారు.

అడగనప్పుడు ఏమవుతుంది? లెక్కలోకి కూడా రాదు. గర్భిణిగా ఉన్నప్పుడు గాని, కాన్పయిన 42 రోజుల లోపల గాని, గర్భానికో కాన్పుకో సంబంధమైన కారణంతో పోతేనే దాన్ని ప్రసూతి మరణం అంటారు. గర్భిణిగా ఉన్నప్పుడు గాని, ఆ 42 రోజుల్లో గాని జరిగిన ఆత్మహత్యని కూడా నేరుగా ప్రసూతి మరణంగానే లెక్కవెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. ప్రతి ప్రసూతి మరణాన్నీ విడివిడిగా పరిశీలించే అలవాటు 1952 నించి ఉన్న బ్రిటన్‌లో, కాన్పయిన ఆరు వారాల నించి ఏడాది లోపు జరిగే మరణాల్లో నేరుగా ప్రసూతికి చెందే కారణాల్లో ఆత్మహత్యే మొదటిదని వాళ్ళ నివేదికలు చెప్తున్నాయి. మన దగ్గర ఆశా కార్యకర్త పురిటి ఇంటికి వచ్చేది మూడో రోజు, ఏడో రోజు, అలా 42వ రోజు దాకా. ఆ పథకం పేరే నవజాత శిశు సంరక్షణ. బిడ్డ బరువు, బొడ్డు, పాలు, జ్వరం. అవి చూడవలసినవే. కానీ 42వ రోజుతో ప్రభుత్వం కన్ను తల్లి మీద నించి పక్కకి పోతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారెతో పుట్టింటి కన్ను కూడా పోతుంది. దిగులుకి ఆ తేదీలు తెలియవు. ఆ తర్వాత ఏదైనా జరిగితే, "కడుపునొప్పి తాళలేక" అని జిల్లా పేజీలో నాలుగు లైన్లు.

ఇక్కడ మన స్త్రీల ఉద్యమానికే ఒక ఇబ్బంది ఉంది. దాన్ని దాచుకోకుండా మాట్లాడుకోవాలి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు జరిగే స్త్రీల చావులని "ఆత్మహత్యలు" అని మూసేస్తుంటే, కాదు, ఇవి హత్యలు, హింసలు అని 1970ల చివర నించీ ఎంత పోరాడాం! చట్టాలు మార్పించాం. ఆ పోరాటం తప్పనిసరి, ఇంకా అయిపోలేదు. అందుకే "ఆమెకి మానసిక జబ్బు" అనే మాట వినగానే మనకి ఒళ్ళు మండుతుంది. ఆ మాటని అత్తింటివాళ్ళు వాడుకున్న తీరు మనకి తెలుసు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక వ్యాధి విడాకులకి కారణంగా ఉందనీ తెలుసు. కాబట్టి మన దగ్గర బాలింత చావుకి రెండే కథలు మిగిలాయి. అయితే ఎవరో చంపారు, లేకపోతే ఆమెకి పిచ్చి. దిగులు జబ్బే, ఆ జబ్బుని పెంచి పోషించేది ఇంటి హింసే కావచ్చు అని రెండూ కలిపి చెప్పే కథ మనం చెప్పుకోలేదు. దోమ కుడితే మలేరియా వస్తుందంటే, మలేరియా జబ్బు కాదని గాని, దోమది తప్పు లేదని గాని ఎవరైనా అంటారా? జబ్బు అని ఒప్పుకోవడం వల్ల ఆడమనిషి "నేను చెడ్డ తల్లిని" అనే బరువు దించుకుంటుంది. జబ్బు అని మాత్రమే చెప్పి ఊరుకోవడం వల్ల ఇంట్లోవాళ్ళు తమ బరువు దించుకుంటారు. మొదటిది కావాలి, రెండోది కుదరదు.

మళ్ళీ బిడ్డ మొహం దగ్గరికి వద్దాం. మా ఊరు పుట్టిందే ఒక స్త్రీ ప్రాణత్యాగం కథలోంచి. దక్షయజ్ఞంలో అవమానం పడి సతీదేవి తన ప్రాణం తానే విడిచిందనీ, ఆమె శరీరం ముక్కలై పడినచోట్లన్నీ శక్తిపీఠాలయ్యాయనీ, అందులో పీఠభాగం పడిన చోటు పిఠాపురం అనీ చెప్తారు. కుక్కుటేశ్వరుడి గుళ్ళో పురుహూతికా దేవిగా కొలుస్తారు. బారసాల అయిన బాలింతలు బిడ్డలని ఎత్తుకుని అక్కడికే వెళ్తారు. ఆ కథలో సతి ఎందుకు పోయింది అని అడిగితే పిల్లలు కూడా చెప్తారు, అవమానం భరించలేక అని. ఎవరూ ఆమెని పిరికిది అనరు, స్వార్థపరురాలు అనరు. ఆమె బాధకి కారణం ఉందని ఒప్పుకుంటారు. పక్క వీధిలో బతికున్న బాలింత బాధకి మాత్రం కారణం అడగరు, అపశకునం అంటారు. నాకింకొకటి కూడా తోస్తుంది. సతి శరీరాన్ని భాగాలు భాగాలుగా పూజించినట్టే మనం తల్లిని కూడా భాగాలుగానే గౌరవిస్తాం. మోసిన కడుపు గొప్పది, పాలిచ్చిన రొమ్ము గొప్పది, లాలించిన ఒడి గొప్పది. ఈ భాగాలన్నీ కలిసి ఉన్న మనిషి ఎలా ఉంది అనేది ప్రశ్నే కాదు.

"బిడ్డ మొహం చూసి బతుకు" అనడంలో ఉన్నది ఇదే. బిడ్డకి నీ అవసరం ఉంది కాబట్టి నువ్వు ఉండాలి అంటున్నాం. నీ ప్రాణం నీది కాబట్టి విలువైనది అనడం లేదు. ఇంతకుముందు భర్త కోసం బతకమన్న నోటితోనే ఇప్పుడు బిడ్డ కోసం బతకమంటున్నాం. ఇది మన దగ్గరే కాదు. అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1885లో కూతురు పుట్టాక ఇలాంటి దిగుల్లోనే పడింది. 1887లో ఆమెకి వైద్యం చేసిన వైర్ మిచెల్ అనే ప్రసిద్ధ డాక్టరు, వీలైనంత ఇంటిపట్టున ఉండమని, బిడ్డని ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమని, కలం ముట్టుకోవద్దని సలహా ఇచ్చాడు. ఆ సలహా పాటించి మతి పోయేదాకా వచ్చానని ఆమె తర్వాత రాసుకుంది. ఆ అనుభవంలోంచే 1892లో "ది ఎల్లో వాల్‌పేపర్" కథ వచ్చింది. దిగులుకి మందు బిడ్డే అన్న మాట అంత పెద్ద డాక్టరు నోటా, మా వీధి అరుగు మీదా ఒకటే.

ఆ మాటకి ఇంకో చీకటి వేపు కూడా ఉంది. బిడ్డా నువ్వూ ఒకటే, నువ్వు లేకపోతే దానికి దిక్కులేదు అని పదే పదే చెప్తే, చావు తప్ప దారి కనిపించని మనసు దాన్ని ఎలా అర్థం చేసుకుంటుంది? నేను పోతే దీనికెవరున్నారు, దీన్ని మాత్రం ఎందుకు వదిలిపోవడం అని. తల్లీబిడ్డల చావు వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. తల్లి ఒక్కతే బతికి బయటపడితే మర్నాటి పత్రికలో "కసాయి తల్లి". ఆ కసాయితనంలో చాలాసార్లు ఉన్నది మనం నేర్పిన ప్రేమ పాఠమే, తలకిందులుగా. ఏడ్రియన్ రిచ్ 1976లో మాతృత్వం మీద రాసిన "ఆఫ్ ఉమన్ బోర్న్" పుస్తకం చివర్లో, తన బిడ్డల ప్రాణం తీసిన ఒక తల్లి గురించి మాట్లాడడానికి వెనకాడలేదు. ఆ తల్లిని సమర్థించడానికి కాదు, ఆమెని ఒంటరిగా ఒక వింత జంతువులా నిలబెట్టకుండా ఉండడానికి.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. "నేను పిల్లల కోసమే ఆగిపోయాను" అని చెప్పే ఆడవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఆ మాట అబద్ధమా? కాదు. ఆమె తనకి తాను చెప్పుకున్నప్పుడు అది కారణం. ఆమె లోపల నించి వచ్చింది, ఆమెని పట్టుకుని నిలబెట్టింది. దాని ముందు నాకు గౌరవమే తప్ప విమర్శ లేదు. అదే మాట మనం ఆమెకి చెప్పినప్పుడు అది ఆజ్ఞ అవుతుంది. పైగా ఆ ఆజ్ఞతో మన పని తీరిపోతుంది. రాత్రి బిడ్డని మనం ఎత్తుకోనక్కర్లేదు, అల్లుడితో మాట్లాడనక్కర్లేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళనక్కర్లేదు. ఆమెని బతికించే బాధ్యత మూడు వారాల పసికందు మీద పెట్టేశాం. ఒక పెద్ద మనిషిని బతికించే పని ఏ బిడ్డకీ అప్పగించకూడదు. పెద్దయ్యాక ఆ బిడ్డ తెలుసుకుంటుంది, తన కోసమే అమ్మ బతికిందని. అది ఎంత బరువో మన చుట్టూ ఉన్న కూతుళ్ళని అడిగితే చెప్తారు.

మరి ఏం చెప్పాలి? ముందు చెప్పడం కాదు, అడగాలి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు చెప్తున్నాయి. 1987లో ఎడిన్‌బరోలో తయారైన, ప్రపంచమంతా వాడే ప్రశ్నావళిలో పది ప్రశ్నలే ఉన్నాయి. పదోది సూటిగా, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. ఆశా కార్యకర్త సంచిలో బిడ్డని తూచే త్రాసుతో పాటు ఆ పది ప్రశ్నలూ ఎందుకుండకూడదు? అయితే ప్రశ్న వేసిన తర్వాత జవాబు వినే ఓపిక ఉండాలి. ఆమె "నాకీ బిడ్డ వద్దనిపిస్తోంది" అనవచ్చు. "ఆడపిల్ల పుట్టిందని ఆయన ఇంతవరకు చూడ్డానికి రాలేదు" అనవచ్చు. "ఏమీ లేదు, ఉత్తినే" అనవచ్చు. మూడింటినీ ఒకే శ్రద్ధతో వినాలి.

చట్టం ఈపాటికే మన ఇళ్ళకంటే ముందుకెళ్ళింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, శిక్షించకూడదనీ, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పింది. 2024 జులై 1న పాత శిక్షాస్మృతితో పాటు 309వ సెక్షన్ కూడా పోయింది. అదే 2017 చట్టం, మానసిక చికిత్సాలయంలో ఉన్న తల్లి నించి మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా వేరు చెయ్యకూడదని అంటుంది. అందుకు తగ్గట్టు తల్లీబిడ్డలని కలిపి చేర్చుకునే వార్డు నిమ్‌హాన్స్‌లో 2009 నించి ఉంది. బెంగుళూరు అందరికీ అందేది కాదు. కాకినాడ ప్రభుత్వాసుపత్రి అందుతుంది. 2022లో మొదలైన టెలీమానస్ 14416 నంబరుకి ఏ వేళయినా తెలుగులో మాట్లాడవచ్చు. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులు ఉన్నాయి, డాక్టరుకి పాలిస్తున్న సంగతి చెప్తే చాలు. ఈ జబ్బు తగ్గుతుంది. ఆ సంగతి నా ఒంటితో తెలిసి చెప్తున్నాను.

మిగిలింది ఇంట్లో. రాత్రిపూట నాలుగైదు గంటలు వరసగా నిద్ర, పక్కన ఒక మనిషి, ఆ మాట అన్నందుకు ఆమెని దోషిగా చూడకపోవడం. ఇవి కాయం, వెల్లుల్లి కంటే ఖరీదైనవి కావు. ఈసారి బాలింతని చూడ్డానికి వెళ్ళినప్పుడు బిడ్డ ఎవరి పోలిక అని మాట్లాడుకోవడం అయ్యాక, అందరూ కాఫీలకి లేచాక, మనం ఇంకాస్సేపు కూర్చుందాం. ఆమె దగ్గర, ఆమె కోసం. మంత్రసానులు లేరిప్పుడు, ఆ ప్రశ్న మనమే అడగాలి.